లంబుగాడి చెహ్రా

ఆ రోజుల్లో మా మేడ్చల్ కాలేజీలో మగపిల్లలు రెండు రకాలుగా ఉండేవారు. లంబుగాణ్ణి చూసి పైకి కుళ్లుకునేవాళ్లు ఒక రకం, లోపల్లోపల కుళ్లుకునేవాళ్లు ఇంకో రకం. నేను పొద్దున బస్సులో మొదటి రకం, సాయంత్రం బస్సులో రెండో రకం. అసూయ పడటానికి ఓపికా తీరికా రెండూ ఉండాలని ఇప్పుడు తెలుస్తోంది. ఈమధ్య పక్కింటాయన కారు కొంటే, ఎక్కడ నిలుపుకుంటాడో పాపం అనుకుని పేపరు చదువుకున్నాను. డిగ్రీ రెండో సంవత్సరంలో మాత్రం ఆ రెండూ నా దగ్గర దండిగా ఉండేవి.

లంబుగాడి అసలు పేరు చెప్పను (ఇప్పుడు వాడు బ్యాంకు మేనేజరు, మర్యాదగా ఉండదు). కోస్తా నుంచి బదిలీల మీద వచ్చిన ఉద్యోగులు కట్టుకున్న కొత్త కాలనీలో వాడి ఇల్లు. ఆరడుగుల పొడుగు, నుదుటి మీద పడే ఒత్తు జుట్టు, వెనక బెంచీ దాకా వినపడే గొంతు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. వాడిలో నాకు బొత్తిగా నచ్చనిది వాడు మంచివాడు కావడం. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి. వాడు నా రికార్డు పుస్తకాలు కూడా తనే మోసుకొచ్చేవాడు. ఇక నేను శామీర్‌పేటవాణ్ణి. మా నాయిన చెరువులో చేపలు పట్టి మేడ్చల్ మార్కెట్లో అమ్మేవాడు. పొద్దున్నే నాయినతో పాటు వల లాగి, స్నానం చేసి, తలకు ఇంత నూనె పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. చెప్పులతో కలిపి ఐదడుగుల మూడంగుళాలు. ఎడమ చెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులో పెట్టుకుని నడిచేవాణ్ణి, అడిగితే స్టైలు అని చెప్పేవాణ్ణి. నాకున్న ఒకే ఒక్క ఆస్తి నా చేతిరాత. అచ్చు వేసినట్టు ఉంటుందని లెక్చరర్లు కూడా అనేవారు. అదే నా కొంప ముంచింది.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి మా హిస్టరీ సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఏదో పత్రికలో చదివారట, కొన్ని దేశాల్లో జనం పాతకాలం బట్టలు వేసుకుని, ఒక పూటంతా పాతకాలంలోనే ఉంటారని. క్లాసులో బల్ల మీద చెయ్యి కొట్టి చెప్పారు. "నాటకం గాదు. డైలాగులు లేవ్. నూరేండ్ల కిందట ఒక రిసాలా, అంటే గుర్రాల దండు, ఊరి బయట డేరాలేసుకుంటే ఒక పూట ఎట్లుంటదో మనం గట్ల ఉండుడే. వండెటోడు వండుతడు. గుర్రాలకు నాలాలు కొట్టెటోడు నాలాలు కొడ్తడు. చూడొచ్చినోళ్లు నడుమల తిరుగుతరు. ఎవని పని వాడు తెలుసుకొని రావాలె." దండుకు పెద్ద రిసాల్దారు. గుర్రం ఎక్కేది ఆ రిసాల్దారు ఒక్కడే, ఎందుకంటే మేడ్చల్ బ్యాండు మేళంవాళ్ల దగ్గర అద్దెకు దొరికే గుర్రం ఒక్కటే. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, వేషాలు ఇంకా పంచకముందే, రిసాల్దారు నేనేనని మా నాయినకు చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకు తెలుసు. ఆ రెండేళ్లలో నాయిన మార్కెట్ దాకా రోజూ వచ్చినా, పక్కనే ఉన్న కాలేజీలోకి ఒక్కసారీ అడుగుపెట్టలేదు. నేను గుర్రం ఎక్కుతున్నానంటే తప్ప రాడని నాకనిపించింది.  మర్నాడు నాయిన చెరువు దగ్గర వలలు ఆరేసుకునే వాళ్లందరికీ చెప్పాడు.

వారం తర్వాత సారు వేషాలు పంచారు. లంబుగాడి వైపు చూసి "రిసాల్దారు" అన్నారు. ఆలోచించనైనా లేదు. తర్వాత వంటవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, కాపలావాళ్లు అన్నీ అయిపోయాక నా వైపు చూశారు. "నీ చేతిరాత మస్తుంటది. నువ్వు గుమాస్తా."

"గుమాస్తా ఏం జేస్తడు సార్?"

"రాస్తడు."

అంతే నా పాత్ర. క్లాసు బయటికి రాగానే లంబుగాడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్, గుర్రం కరుస్తుందంటావా?" అని అడిగాడు. అంత అదృష్టం దొరికినా వినయం నటిస్తున్నాడని నాకు ఒళ్లు మండింది.

ఇంట్లో చెప్పడం ఇంకా పెద్ద పని. నాయిన వల బాగుచేసుకుంటూ విన్నాడు. "మరి గుర్రం మీద ఎవరు?" అన్నాడు. లంబుగాడని చెప్పాను. వాడు మా ఇంటికి అప్పటికే రెండు మూడు సార్లు వచ్చి ఉన్నాడు. "మంచిగున్నది. గా పొడుగుకు గుర్రమే సరి," అని నాయిన మళ్లీ వలలోకి తల దించుకున్నాడు. కాలేజీకి వస్తావా అని నేను అడగలేదు, వస్తానని ఆయన అనలేదు.

మా అవ్వ సంగతి మరీ అన్యాయం. లంబుగాడు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, కోస్తావాళ్ల అలవాటు కొద్దీ "బాగున్నారా మామ్మగారూ" అన్నాడు. డెబ్బై ఏళ్లలో మా అవ్వను ఎవరూ 'గారు' అనలేదు. ఆ ఒక్క మాటకు మా అవ్వ పడిపోయింది. అప్పటిదాకా మా ఇంట్లో బొచ్చె చేప వండితే తలకాయ ముక్క నాది. ఆ రోజు నుంచి అది లంబుగాడిది. వాడు దాన్ని ఒక్క ముల్లు వదలకుండా, కళ్లు మూసుకుని తినేవాడు. నేను తోక ముక్క నములుతూ చూసేవాణ్ణి. "తినేటోనికి పెడ్తె పెట్టినట్టుంటది," అనేది అవ్వ నా వైపు చూసి.

ఆ అవ్వే నాకు దారి కూడా చూపించింది. "గుమాస్తా పని ఎవలకెర్క అని గంత పరేషాన్ ఎందుకైతున్నవ్‌రా. అలియాబాద్‌ల మున్షీ తాత ఉన్నడు గద. నవాబుల కాలంల గుర్రాల పటాలంల రాసిండు," అంది. ఆదివారం సైకిలేసుకుని అలియాబాద్ వెళ్లాను. మున్షీ తాత ఎనభై దాటినవాడు, ఎండలో మంచం వేసుకుని ఒక మోకాలు పైకి పెట్టి కూర్చున్నాడు. నేను పద్ధతులు రాసుకుందామని నోటుపుస్తకం తెరిస్తే, నా చేతిలోంచి లాక్కుని నా రాత చూశాడు. "రాత మంచిగున్నది. నీకు చూసుడు వస్తదా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

అప్పుడు చెప్పాడు చెహ్రా సంగతి. దండులో గుమాస్తా అసలు పని ఉత్తరాలు రాయడం కాదట. ప్రతి సిపాయికీ, ప్రతి గుర్రానికీ ఒక ఆనవాళ్ల కాగితం రాయాలి. దాని పేరు చెహ్రా. "ఒకని పేరు మీద ఇంకొకడు రాకుండ, మంచి గుర్రం జాగల ముసలి గుర్రాన్ని నిలవెట్టకుండ. హాజరీ దినం గుమాస్తా ఆ కాగితం పట్టుకొని మనిషిని చూస్తడు, గుర్రాన్ని చూస్తడు. సరే అంటెనే లోపలికి."

"రిసాల్దారును గూడ ఆపొచ్చా తాతా?"

"ఆపొచ్చా ఏంది, ఆపాలె."

ఆ మాటతో నాకు గుమాస్తా ఉద్యోగం మీద గౌరవం పుట్టుకొచ్చింది. వరసగా నాలుగు ఆదివారాలు వెళ్లాను. తాత నేర్పిన పాఠాలు చిన్నవే. మీసం రాయకు, గొరిగితే పోతుంది. లావు రాయకు, కరువొస్తే పోతుంది. నవ్వు రాయకు, పండగనాడు అందరూ నవ్వుతారు. పుట్టుమచ్చ రాయి, చెవి తీరు రాయి, నడక రాయి. దెబ్బ మచ్చ ఉంటే ఎలా తగిలిందో కూడా రాయి, దొంగ మనిషికి మచ్చ ఉండొచ్చు గాని దాని కథ తెలియదు. అన్నిటికన్నా పెద్ద పాఠం ఆఖరి ఆదివారం చెప్పాడు. "పావురంతోని చూడకు. పావురమున్నోనికి ఆనవాళ్లు కండ్లవడయి. పగోణ్ణి చూసినట్టు చూడాలె." (పావురం అంటే మా వైపు ప్రేమ.) నా జన్మకు తగిన పని ఇంతకాలానికి దొరికిందనుకున్నాను. ఇంకో నియమం కూడా చెప్పాడు, ఎవరి చెహ్రా వాళ్లు రాసుకోకూడదని. గుమాస్తాది ఇంకొకరు రాయాలి, పుస్తకంలో అది ఆఖరి కాగితం. ఈ ముక్క నేను సరిగ్గా వినలేదు. నా మనసు అప్పటికే లంబుగాడి చెవుల మీద ఉంది.

వాడి చెహ్రా రాయడానికి శామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చోబెట్టాను. మిగతా పాతికమందికీ తలా పది నిమిషాలు పట్టింది. వాడికి రెండు పూటలు. ఎంత వెతికానో చెప్పలేను. కళ్లలో మెల్ల ఉందేమో చూశాను, లేదు. పళ్లు చూపించమన్నాను, చూపించాడు. నడవమంటే నడిచాడు, ఆగమంటే ఆగాడు, పక్కకు తిరగమంటే తిరిగాడు. ఎడమ చెవి కుడిచెవి కన్నా రవ్వంత బయటికి ఉందని కనిపెట్టి పండగ చేసుకున్నాను. కుడి కనుబొమ్మ చివర గాటు ఎలా వచ్చిందని అడిగితే, చిన్నప్పుడు వాళ్ల చెల్లెల్ని పొడవబోయిన మేకకు అడ్డం వెళ్లానని సిగ్గుపడుతూ చెప్పాడు. చెట్టెక్కి మామిడికాయలు దొంగిలిస్తూ పడ్డానని చెబుతాడేమోనని ఎదురుచూస్తున్న నాకు మండిపోయింది. అయినా తాత మాట ప్రకారం ఉన్నదున్నట్టు రాశాను. రాసి, మడిచి, పుస్తకంలో పెట్టి, వారం రోజులు అక్షరాలు దిద్దాను. బ్యాండు మేళంవాళ్ల తెల్ల గుర్రం చెహ్రా కూడా రాశాను. ఎడమ చెవి కొసన చీలిక, మెడ కింద చాయ్ రంగు మచ్చ.

ఆ రోజు రానే వచ్చింది. కాలేజీ గ్రౌండులో డేరాలు, పొయ్యిలు, కట్టె కత్తులు పట్టుకున్న సిపాయిలు. ద్వారం దగ్గర చాప పరచుకుని, చిన్న పీట ముందు ఒక మోకాలు పైకి పెట్టి, తలపాగాతో నేను. మున్షీ తాతను ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో కుర్చీ వేయించాను. ఆయన పక్కన మా అవ్వ. చేపల గంప ఖాళీ చేసుకుని వచ్చి, అందరి వెనకా గోడకు ఆనుకుని మా నాయిన నిలబడి ఉన్నాడు. నాయినను చూడగానే తలపాగా సర్దుకున్నాను. హాజరీ మొదలైంది. సిపాయిలు ఒక్కొక్కడే వస్తున్నారు, నేను కాగితం చూస్తున్నాను, మొహం చూస్తున్నాను, "సరే" అంటున్నాను. జనం మర్యాదకు చూస్తున్నారు. అందరూ ఎవరికోసం కాచుకున్నారో నాకు తెలుసు.

రిసాల్దారు వచ్చాడు. ఒంటి మీద ఎర్ర అంగరఖా, నడుముకు పటకా, తెల్ల గుర్రం. జనంలోంచి ఈలలు లేచాయి. నేను కడుపులో మంటతో మనిషిని చూడకుండా గుర్రాన్ని చూశాను. చెవిలో చీలిక లేదు. మెడ కింద మచ్చ లేదు. తర్వాత తెలిసింది, ఆ పూట ముహూర్తం ఉండి అసలు గుర్రం పెళ్లికి వెళ్లిందని, బ్యాండు మేళాయన ఎక్కణ్ణుంచో ఇంకో తెల్ల గుర్రాన్ని పట్టుకొచ్చాడని. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా ఒకటే, దేవుడున్నాడని. నేను చెయ్యెత్తాను.

"ఆగు. గీ గుర్రం మన పటాలంది గాదు. దిగు."

 డేరా వెనక నుంచి హిస్టరీ సారు రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దంటున్నారు. నేను చూడనట్టు కాగితం వైపు చూశాను. ముందు వరసలో మున్షీ తాత మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. లంబుగాడు నా వైపు ఒక్క క్షణం వెర్రిగా చూసి, తర్వాత గుర్రం మీదే చేతులు జోడించాడు. "గుమాస్తాగారూ, నా గుర్రానికి ఇవాళ పెళ్లండి."

నవ్వులు గోడలు దాటి రోడ్డు మీదికి వెళ్లాయి. మేడ్చల్‌లో ఆ బ్యాండు గుర్రాన్ని ఎరగనివాళ్లు లేరు. నేను వాణ్ణి కింద పడేద్దామని చెయ్యెత్తితే, వాడు ఇంకో మెట్టు పైకెక్కాడు. కోపంతో నాకు తాత చెప్పిన మరో నియమం గుర్తొచ్చింది. గుర్రం తప్పితే మనిషి చెహ్రా పైకి చదివి సరిచూడాలి. వాడి లోపాలన్నీ రాసిపెట్టి ఉన్నాయి కదా, మైకు లేకపోయినా నలుగురూ వినేట్టు చదువుదామని లేచి నిలబడ్డాను.

"ఎత్తు ఆరడుగులు. నుదురు వెడల్పు. జుట్టు ఒత్తు, నీళ్లు రాసినా అణగదు, కుడిపక్కకు పడుతుంది. ఎడమ చెవి కుడిచెవి కన్నా గింజంత బయటికి ఉంటుంది. కుడి కనుబొమ్మ చివర గాటు, చిన్నతనంలో చెల్లెలికి మేక కొమ్ము తగలకుండా అడ్డుపోగా అయినది." ఇక్కడ ఆడపిల్లల వరసలోంచి "అయ్యో" అని వినిపించింది. నేను ఆపలేకపోయాను. "చేతివేళ్లు పొడవు. గొంతు నిండుగా ఉంటుంది, అరిచినా పగలదు. పొట్టివాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్ల ఎత్తుకు తగ్గట్టు కొంచెం వంగుతాడు." ఆ ఆఖరిది నేను గూని అన్న ఉద్దేశంతో రాశాను. పైకి చదువుతుంటే నా చెవులకే వేరేలా వినిపించింది. సగంలోనే నాకు అర్థమైంది, నేను నలుగురిలో నిలబడి లంబుగాడికి పెళ్లి సంబంధం చూస్తున్నానని. "మా పొడుగు బిడ్డ గట్లనే ఉంటడు, ఉన్నదున్నట్టు రాసిండు," అంది అవ్వ, గ్రౌండంతా వినేట్టు. చప్పట్లు మొదలయ్యాయి. నాకు కాదు.

"మనిషి సరే. గుర్రం గాదు. నడిచి రా," అన్నాను ఏడుపు మొహంతో. లంబుగాడు గుర్రం దిగి, చాప పక్క నుంచి లోపలికి పోతూ వంగి (పొట్టివాళ్ల ఎత్తుకు తగ్గట్టు) నా చెవిలో చెప్పాడు. "బతికించావురా. ఎక్కిన దగ్గర్నుంచీ కాళ్లు వణికిపోతున్నాయి. ఇంకో రెండు నిమిషాలైతే పడిపోయేవాణ్ణి." నా పగ వాడికి సాయమైందన్నమాట. ఆ రోజు నుంచి వాడు నన్ను ప్రాణస్నేహితుడని అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

అంతా అయ్యాక మున్షీ తాత నా పుస్తకం తెప్పించుకుని కాగితాలన్నీ తిరగేశాడు. "గుర్రాన్ని నిలిపినవ్. సై. గని ఆఖరి కాగితం ఏది?" అన్నాడు. ఖాళీ కాగితం చూపించాను. "నీ చెహ్రా ఎవడు రాసిండు?"

"ఎవలు రాయలే తాతా. నేను ఎవల్ని అడగలే."

"మరి నువ్వు పటాలంల లేనట్టే గదరా," అన్నాడు తాత, పుస్తకం నా చేతిలో పెడుతూ. తిట్టినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు అన్నాడు. సిపాయిలు, భిస్తీలు, పెళ్లికెళ్లిన గుర్రం కూడా ఆ పుస్తకంలో ఉన్నారు. నేనొక్కణ్ణే లేను.

సాయంత్రం నాయిన మోపెడ్ మీద, ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని ఇంటికి వస్తున్నాను. జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి గాలి తిరిగి వాసన కొడుతోంది.  మేడ్చల్ దాటాక నాయిన "గుర్రం మీది పిలగాడు మస్తుగున్నడు" అన్నాడు. ఇంకో కిలోమీటరు పోయాక "గని నువ్వు ఆపితె ఆగిండు" అన్నాడు. మొదటి మాట నాకు ఆ క్షణాన్నే వినిపించి, రాత్రి అన్నం సహించకుండా చేసింది. రెండో మాట వినిపించడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్లలో గుమాస్తా వేషం నన్ను వదలకపోగా ఉద్యోగమైంది. ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటునయ్యాను. మున్షీ తాత, అవ్వ ఇద్దరూ లేరు. ఆ మధ్య ఒక ఆదివారం లంబుగాడు కొత్త ఇంటి గృహప్రవేశం కార్డు పట్టుకుని శామీర్‌పేట వచ్చాడు. ఆరడుగులూ అలాగే ఉన్నాయి, జుట్టు మాత్రం పూర్తిగా సెలవు తీసుకుంది. (లోపల ఎక్కడో ఒక చిన్న ఆనందం కదిలింది, దాచడం దేనికి.) వచ్చీ రాగానే మా ఆవిడను "బాగున్నారా చెల్లెమ్మగారూ" అన్నాడు. మధ్యాహ్నం తలకాయ ముక్క ఎవరికి వెళ్లిందో చెప్పనక్కర్లేదు.

భోజనాలయ్యాక పాత పుస్తకం తీసి వాడి చెహ్రా చేతిలో పెట్టాను. వాడు చదివి, మళ్లీ చదివి, బోడితల నిమురుకున్నాడు. "ఇంత జుట్టుండేదా నాకు? ఒరేయ్, దీన్ని జిరాక్సు తీసివ్వు, మా ఆవిడ నమ్మదు. నన్నింత శ్రద్ధగా మా అమ్మ కూడా చూసి ఉండదు," అన్నాడు. ఎందుకు చూశానో చెబుదామని నోటి దాకా వచ్చింది. ఇంతలో వాడు కాగితాలు తిరగేసి ఆఖరిదాని దగ్గర ఆగాడు. "ఇదెవరిది? ఖాళీగా ఉందే."

"నాదే. ఎవలు రాయలే."

వాడు నా జేబులోంచి పెన్ను తీసుకుని, బల్ల ముందు ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చుని, నా వైపు ఒక్కసారైనా చూడకుండా రాశాడు. కోడి గీకినట్టు రాత, అప్పటికీ ఇప్పటికీ అదొక్కటే నాకు ఊరట. రాసి నా వైపు తోశాడు. రెండే వాక్యాలు. "ఎడమ బొటనవేలి కింద వలతాడు కోసిన గాటు. కాలేజీ మొదటి రోజు నేను చూడగానే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు, ఇంకా తీయలేదు."

చదివి తలెత్తేసరికి నా ఎడమ చెయ్యి జేబులోనే ఉంది. నవ్వొచ్చింది. ఆ ఐదడుగుల మూడంగుళాల కుర్రాణ్ణి తలుచుకుంటే జాలి కూడా వేసింది. చెయ్యి తీసి వాడి ముందు బల్ల మీద పెట్టాను.